సడలనియ్యని సాబ్

మా ఖాజా హుస్సేన్ సాబ్‌కు ఒకటే జబ్బు. లోకంలో ఉండే ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు సడల్తాదని ఆయన భయం. కాగితం సడల్తాది, మాట సడల్తాది, సంతకం సడల్తాది, సాక్షి అయితే బిరీన సడల్తాడు. ఎవురైనా ఎదురొచ్చి సలాం పెడితే, ఆ సలాంలో పట్టు ఎంతుండాదా అని ఆ చెయ్యి పక్కే చూస్తాండె.

ఆయన పని దస్తావేజులు రాసేది. కదిరిలో రిజిస్ట్రాఫీసు ముందర రేకుల పందిరి కింద ఒక చాప, ఒక వాలు పెట్టె, రెండు సిరాబుడ్లు, అంతే ఆయన దుకాణం. దాని పక్కనే నా సైకిల్ షాపు. నేను సైకిళ్లు బాడుగకిస్తా, పంక్చర్లు వేస్తా, ఖాళీ దొరికితే సాబ్‌ను ఏడిపిస్తా. నాకు ఇస్కూలు అబ్బలేదు. సాబ్ రాసి పారేసిన చిత్తు కాగితాలే నా వాచకాలు. అందుకే 'అమ్మ', 'ఆవు' కన్నా ముందు నేను నేర్చుకున్న మాట 'చెక్కుబంది'. అంటే చేనికి నాలుగు దిక్కులా ఉండే హద్దులు. ఇంకో నెలకు 'సదరు' వచ్చింది. ఆ తర్వాత ఎవురినీ పేరు పెట్టి పిలవాలని అనిపించలా, అందరూ నాకు సదరు గాళ్లే.

పొద్దున్నే టీ అంగడి కొండప్ప గ్లాసు తెచ్చిస్తే, సాబ్ ఒక గుక్క తాగి కింద పెడ్తాండె.

"ఏమప్పా కొండప్పా, ఈ టీ సడలింది."

"నీళ్లు ఎక్కువైనాయని చెప్పరాదా సాబ్?"

"నీళ్లు ఎక్కువయ్యేది కారణం. సడిలేది దాని ఫలితం. రెండూ చెప్పల్ల. ఒకటి చెప్పి ఒకటి ఇడిస్తే కోర్టులో నిలబడదు."

"టీ కోర్టుకు యాల పోతాది సాబ్?"

"పోదని నువ్వు రాసిస్తావా?"

కొండప్ప ఆ గ్లాసు లోపలికి తీసుకపోయి ఇంకో చిటికెడు ఆకు వేసుకొని వస్తాండె. మేం సడలిన టీ తాగుతాంటే, ఊర్లో మంచి టీ తాగేది సాబ్ ఒక్కడే.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగినా.

"సాబ్, ఊరికే సడల్తాది, సడల్తాది అంటావు. సడిలేదంటే ఏంది? పోయేదా?"

ఆయన కలం పక్కన పెట్టినాడు. ఆ మాట అడిగితే ఆయనకు పండగ.

"పోయేది వేరే, సడిలేది వేరేరా కుళ్ళాయి. హక్కు పోయిందనుకో, పోయిందని అందరికీ తెలుస్తాది. ఏడుస్తారు, కొట్లాడతారు, వకీలు కాడికి పోతారు. సడలిందనుకో, అది ఆణ్ణే ఉంటాది. చూస్తే బాగానే ఉంటాది. బరువు పెట్టిన పొద్దు తెలుస్తాది, దాంట్లో పట్టు లేదని. తెగిన తాడుతో ఎవురూ బాయిలోకి దిగరు. దిగి చచ్చేది సడలిన తాడుతోనే."

"మరి కాగితంలో ఎట్ల సడల్తాది?"

"మూడు రకాలు. కొట్టివేసి పక్కన సంతకం పెట్టకుంటే సడల్తాది. వరస చివర్న ఖాళీ ఇడిస్తే సడల్తాది. మూడోది, చెప్పాల్సినోడు చెప్పకుండా ఊరకుంటే సడల్తాది. ఈ మూడోదే ముండమోపిది."

నేను సైకిల్ చెయిన్ చూపించి, "సాబ్, ఇది ఏ రకం?" అన్నా. ఆయన చెయిన్‌ను వేలితో లాగి చూసి, "ఇది రెండో రకం. ఖాళీ ఇడిసినావు" అన్నాడు. నిజంగానే ఒక లింకు ఊడింది.

ఖాళీ అంటే ఆయనకు చచ్చేంత భయం. వరస చివర్న బెత్తెడు జాగా మిగిలితే అడ్డంగా గీత కొడ్తాండె. దస్తావేజులోనే గాదు, పెండ్లి పత్రికలో, మందుల చీటీలో, బస్సు టిక్కెట్టు ఎనకమాల గూడా. ఒకసారి ఆయన ఇంటికి పోతే దాదాబీ అమ్మ నాకు నికా ముచ్చట చెప్పింది. దాదాబీ అమ్మంటే సాబ్ ఇంటామె. నవ్వితే వీధి చివరికి ఇనపడ్తాది.

"నికా పొద్దు ఖాజీ సాబ్ కాగితం రాసి, నీ ఇష్టమేనా అని అడిగినాడప్పా. ఈయన ఊ అనలే, ఊహూ అనలే. ఆ రెండో వరసలో జాగా ఉండాది, రేపు ఎవురైనా ఇంకో పేరు చేరిస్తే? అన్నాడు. మా నాయన లేసి, అది భయమా అల్లుడూ, ఆశా? అని అడిగినాడు!"

"అప్పుడు?"

"గీత కొట్టినాక కబూల్ అన్నాడు. ముప్పై ఏండ్లాయె. ఆ గీత ఇంకా గట్టిగానే ఉండాది."

ఉత్తరాలు గూడా రాసిస్తాండె. నల్లమాడ కాడినుంచి ఒక ముసలామె వచ్చి, మిలిట్రీలో ఉండే కొడుక్కి "ఈడ అందరం బాగుండాం" అని రాయమనింది. అంతే గదా! సాబ్ రాసినాడు: "ఈ ఉత్తరం రాసే దినానికి అందరమూ బాగున్నాము. ఇది చేరేలోపల యెవరికేమి జరిగినా, పై మాట అందుకు అడ్డము రాదు." ఆ కొడుకు అది చదివి వణికిపోయి, సెలవు పెట్టి, నాలుగు రైళ్లు మారి ఇంటికొచ్చినాడు. వస్తే అందరూ కూర్చోని అలసంద వడలు తింటాండారు. వాడు సాబ్‌ను తన్నేకి వచ్చినాడు. ఆ తల్లి ఎనకాలే పరిగెత్తుకోనొచ్చి సాబ్‌కు దండం పెట్టింది. మూడేండ్లుగా రాని కొడుకును ఒక్క ఉత్తరంతో రప్పించినాడని.

ఇంత మంచి సరుకు పక్కన పెట్టుకొని నేను ఊరకుంటానా? ఒకపొద్దు మొగం దిగులుగా పెట్టుకోని పోయినా.

"సాబ్, మా అక్క కోడిపెట్టను అమ్ముతాంది. ఒక కాగితం రాయల్ల."

కోడికి కాగితమేందని తిడతాడనుకుంటి. ఆయన సిరాబుడ్డి మూత తీసినాడు.

"రంగు?"

"ఎరుపు."

"గుడ్లు పెడ్తాందా?"

"పెడ్తాంది సాబ్."

"అమ్మేదానికి ముందర పెట్టిన గుడ్లు ఎవురివి? పొదిగేదానికి కూర్చోనుంటే పిల్లలు ఎవురివి? పక్కింటి దొడ్లో పెడితే?"

కాగితాలకు అటూ ఇటూ కలిపి నాలుగు పక్కలు రాసినాడప్పా! "సదరు పెట్ట పొరుగు దొడ్డిలో గుడ్డు పెట్టినంత మాత్రాన కొన్నవారి హక్కు సడలదు" అని గూడా. నేను దాన్ని టీ అంగట్లో చదివితే జనం పొర్లి పొర్లి నవ్విరి. సాబ్ ఆణ్ణే నిలబడి విన్నాడు. నవ్వలే. "మూడో పక్కలో నక్క సంగతి మర్చిపోయినా, ఇట్లియ్యి" అని కాగితం తీసుకపోయినాడు.

ఆయనతో ఇంకో తంటా ఉండాది. మిగిలిన రాతగాళ్లు చాప మీద కూర్చోని, పార్టీ చెప్పింది రాసి పంపిస్తారు. ఈయనకు చేను కండ్లతో చూడందే కలం కదలదు. సైకిల్ తొక్కేది రాదు. నా ఎనక కూర్చోని ఆరు మైళ్లు, ఎనిమిది మైళ్లు వస్తాండె. దావ పొడుగునా "కుళ్ళాయి, బ్రేకు సడలింది" అంటాండె. ఆడికి పోయినాక గట్టు గట్టూ తిరిగి, కనపడినోళ్లనంతా నిలబెట్టి ఒకటే ప్రశ్న: "ఈ చేనితో నీకేం పని?"

మేకలోడు బిత్తరపోతాండె. పుల్లలేరుకునే అవ్వ, "నాకేం పని నాయనా, నేను దొంగను గాదు" అని ఏడ్చేస్తాండె. పార్టీ తల పట్టుకుంటాండె. "సాబ్, అమ్మేది నేను, కొనేది ఆయప్ప. నడుమ మేకలోనితో మాటలేంది?"

"ఊరికే అడిగినా" అని సాబ్ తుండుతో మొగం తుడుచుకుంటాండె.

అరవై రెండులో మా పల్లెకే వచ్చినాడు. మాది నల్లమాడ పక్కన ఏడిండ్ల పల్లె. నేను, మా అక్క చెన్నమ్మ ఒక ఇంట్లో ఉంటాం. సుంకప్ప చేన్లో ఉండే బాయి ఒక్కటే మాకు తీపి నీళ్ల బాయి. మిగిలిన బాయిల్లో నీళ్లు నోట్లో పోసుకుంటే మొగం ముడుచుకుంటాది. సుంకప్ప ఆ చేను పై ఊరి శ్రీరంగప్పకు అమ్ముతాండాడు. సాబ్ మామూలుగానే చేనంతా తిరిగి, బాయి కాడ మా అక్కను పట్టుకున్నాడు.

"ఏమ్మా, నీ పేరేంది? ఈడ ఎన్నేండ్లుగా నీళ్లు చేదుకుంటాండావు?"

మా అక్క నోరు నా నోటికి నాయన. "నువ్వేమన్నా పెండ్లిచూపులకొచ్చినావా సాబ్, పేరూ ఏండ్లూ అడుగుతాండావు?" అనింది.

నేను సైకిల్ ఇడిసిపెట్టి నవ్వి, ఆ పేరు నేనే చెప్పినా. సాబ్ మాత్రం బాయి గట్టున వంగి ఏదో చానాసేపు చూసినాడు. ఉంగరం గాని పడిపోయిందేమో అనుకుంటి.

దస్తావేజు తయారైంది. ఏడు పక్కలు! చదివి ఇనిపించే పొద్దు నేను గూడా ఆణ్ణే ఉంటి. రెండో పక్కలో నాకు ఆవులింతలొచ్చి, పంక్చర్ ఉండాదని లేసి వచ్చేసినా. కొన్న శ్రీరంగప్ప మూడో పక్కకే గోడకు ఒరిగినాడు.

మూడేండ్లు బాగానే గడిచినాయి. అరవై ఐదులో వాన మా దిక్కు మొగం చూపలే. చెనిక్కాయ ఇత్తనం మట్టిలోనే మాడిపోయింది. బాయిలో నీళ్లు అడుక్కు పోయినాయి. శ్రీరంగప్ప ఎద్దులతో కపిల తోలి, ఆ నీళ్లతోనే అరెకరా మిరపతోట బతికించుకుంటాండాడు. ఒకపొద్దు బాయి చుట్టూ తుమ్మకంప వేసేసినాడు.

మా అక్క కడవతో పోయి ఆ కంప కాడ నిలబడింది. "ఏమప్పా శ్రీరంగప్పా, మిరపకాయలు కొరుక్కోని దప్పిక తీర్చుకోమంటావా మమ్మల్ని?"

"నేనేం చేతునమ్మా? నీళ్లు అడుగున మూడు మూరలే ఉండాయి. మీరు చేదితే నా తోట ఎండుతాది. బాయి నాది, రిజిస్టరు కాగితం ఉండాది."

చెడ్డోడు గాదు. ఆ తోట పోతే ఆయప్పకూ ఏమీ మిగలదు. అది తెలిసే మాకు ఇంకా కష్టమైంది, తిట్టేకి గూడా నోరు రాలే.

ఆడోళ్లు మూడు మైళ్లు నడిచి వంకలో చెలిమ తోడి నీళ్లు తెస్తాండ్రి. కడవ నిండేకి ఒక పూట. పదో దినానికి రెండిండ్లోళ్లు మూటలు కట్టినారు, బెంగుళూరు కూలికి పోతామని. మా అక్క గూడా చాట, చెంబు, పాత దుప్పటి ఒక పక్కకు పెట్టింది. ఎప్పుడూ ఊర్లో అందర్నీ తిడతాండే ఆమె మూడు దినాలు ఎవుర్నీ తిట్టలే. నాకు అప్పుడు భయమేసింది.

పెద్దమనిషి గురప్ప చావిట్లో పంచాయితీ పెట్టించినాడు. శ్రీరంగప్ప తెల్ల పంచె కట్టి, చంకలో రేకుపెట్టె పెట్టుకోని వచ్చినాడు. పెట్టెలోంచి పసుపుగుడ్డ, గుడ్డలోంచి దస్తావేజు తీసినాడు.

"అందరూ ఇనండి. ఇది అయినాక ఇంగ మాటల్లేవు. నాకు చదువు రాదు. రేయ్ కుళ్ళాయి, నువ్వే చదువు. నీ అక్క నిన్నయితే నమ్ముతాది."

నేను మొదలుపెట్టినా. మొదటి పక్కంతా తాత పేర్లు. రెండో పక్కలో చెక్కుబంది. మూడో పక్కలో చెట్లు, కొమ్మ కొమ్మకూ లెక్క. గురప్ప తల వాలింది. నాలుగో పక్కలో శ్రీరంగప్పకు అలవాటు ప్రకారం కండ్లు మూతపడినాయి. నా నోరు చదువుతాంది గానీ మనసు మూటల కాడుండాది. ఆరో పక్కలో ఒక పేరు కనపడి చదివేది ఆపి, కాగితం కండ్లకు దగ్గరగా పెట్టుకున్నా.

"చదవప్పా!" అన్నాడు సుంకప్ప. చేను అమ్మి కూతురింటికి పోయినోడు, గురప్ప పిలిపిస్తే ఆ పొద్దే వచ్చినాడు.

చదివినా. "షరా. సదరు బావిలో తూర్పు బండ మీద నిలబడి కడవతో తాగునీళ్లు చేదుకొనే యేడు యిండ్ల వారికి, అనగా చెన్నమ్మ వగైరాలకు గల వాడుక, యీ అమ్మకము వల్ల యే మాత్రమూ సడలదు. వాన కురిసిన యేడైననూ, కురవని యేడైననూ సడలదు. సదరు వాడుకకు గుర్తు, బండ అంచున తాడు ఒరిసి పడిన గాళ్లు పదకొండు. బండను తీసివేసినచో గుర్తు పోవును గాని వాడుక సడలదు."

చావిడంతా లేసి కూర్చునింది. మా అక్క, "ఇంకోసారి చదువు" అనింది. ఇంకోసారి చదివినా. "నా పేరు కాడ కొంచెం గట్టిగా చదువు" అనింది.

శ్రీరంగప్ప మేలుకున్నాడు. "ఇది నాకు చదివినాడా సాబ్?"

"రెండుసార్లు చదివినాడప్పా" అన్నాడు సుంకప్ప. "నువ్వు గురక పెడ్తాంటివి. లేపి, ఇది సమ్మతమేనా అని అడిగితే, సమ్మతమే సమ్మతమే, బస్సు పోతాది, కానియ్యి సాబ్ అంటివి. నేను ఏలిముద్ర ఏసింది దాని కిందనే."

"అబద్ధం! పదకొండు గాళ్లు ఆడ యాడుండాయి? లెక్కబెడదాం పదండి!"

ఊరంతా బాయి కాడికి పోయినాం. శ్రీరంగప్పే కంప తప్పించుకోని లోపలికి దూరి బండ మీద ఏలు పెట్టి లెక్కబెట్టినాడు. "పది! చూసినారా? పదే!"

"ఆ కంప కింద ఏముండాది?" అనింది మా అక్క.

ఆయప్ప కోపంగా ఆ కంప పీకి అవతలికి ఇసిరేసినాడు. పదకొండోది ఆడుండాది, అన్నిటికన్నా లోతుగా. అది మా అమ్మ తాడు పడే చోటంట, అక్క చెప్పింది. ఆయప్ప దాంట్లో ఏలు పెట్టి అట్లే కూర్చున్నాడు. తన చేత్తోనే కంప తీసేసినాడని అప్పుడు తెలిసింది పాపం.

"మరి నా తోట?" అన్నాడు, చిన్న గొంతుతో.

నేను కింది వరస చదివినా. "సదరు వాడుక కడవకే గాని తోటలకు, కపిలబానలకు గాదు. కొన్నవారి తోట తడి హక్కు గూడా సడలదు." ఆయప్ప మొగం తేటపడింది. గురప్పకు ఇంగ తీర్పు చెప్పే పనే లేకపాయె. పొద్దున కడవలకు, ఆ తర్వాత తోటకు, అంతే. మూటలు కట్టినోళ్లు మూటలు ఇప్పినారు.

మర్నాడు నేను పందిరి కాడికి పోయి సాబ్ ముందర నిలబడినా.

"సాబ్, ఆ మాట మాకు ముందే యాల చెప్పలే?"

"చెప్పినా గదరా, చదివి. ఎవురూ ఇనకుంటే నేనేం చేతు? నువ్వు పంక్చర్ అని లేసిపోయినావు."

ఇంటికి పోయి నా చిత్తు కాగితాల కట్ట ఇప్పినా. అన్నేండ్లు వాటితోనే చదువు నేర్చుకున్నా గానీ, చివరి పక్క ఎప్పుడూ చదివినోణ్ణి గాదు, సోది అని. ఇప్పుడు చదివినా. ఒకదాంట్లో మేకలు పోయే దావ సడలదు. ఇంకోదాంట్లో కుమ్మరోళ్లు మట్టి తవ్వే గుంత సడలదు. పుల్లలేరుకునే అవ్వ పేరు ఉండాది, ఊరు ఉండాది, "ఎండుపుల్లలు మాత్రమే" అని గూడా ఉండాది. చేను చేనికీ ఎవురో ఒకరు ఉండారు. వాళ్లల్లో ఒక్కరికీ ఆ సంగతి తెల్దు.

దాదాబీ అమ్మను అడిగితే, ఆమె బియ్యం చెరుగుతా చెప్పింది. "అమ్మేవాడు ఆఫీసుకొస్తాడు, కొనేవాడు ఆఫీసుకొస్తాడు. మూడో మనిషి రాడు గదప్పా, వానికి రావాలనే తెల్దు. అందుకని ఈయనే వాని కాడికి పోతాడు. ఈయప్పను ఉప్పు తెమ్మంటే మాత్రం మర్చిపోతాడు."

నేను ఈ పొద్దుకీ తాగే నీళ్లు ఆయన రాసిన నీళ్లే. ఎన్ని సలాములు పెట్టినా తీరదు.

మా అక్క సాబ్‌ను పిలిపించింది. ఏడిండ్లోళ్లు కలిసి కొర్రన్నం, ఊరిమిండి పచ్చడి చేసి పెట్టినారు. ఆయన తింటాంటే అక్క ఎదురుగా కూర్చోని, "సాబ్, నా పేరు కాగితంలో ఉండాదంట గదా. నేనెప్పుడూ చూళ్లేదు. యాడ, చూపీ" అనింది.

ఆయన తన కాడుండే నకలు తీసి ఏలుతో చూపించినాడు. అక్క వంగి చూసింది.

"ఇంత చిన్నదా? చీమ మాదిరుండాది. పెద్దగా రాసింటే నీ సొమ్మేం పోయింటాది?"

సాబ్ నవ్వలే. చెయ్యి కడుక్కోని, తెల్ల కాగితం తీసి, పక్క నిండా ఒక్కటే పేరు రాసిచ్చినాడు. ఏడడుగుల దూరంనుంచి గూడా కనపడ్తాది.

అక్క దాన్ని మడిచి రవికెలో పెట్టుకోని బాయికి పోతాది. ఎప్పుడైనా శ్రీరంగప్ప కపిల తోలేకి తొందరపడి బండ మీద నిలబడితే, ఆమె కాగితం తీసి ఇప్పి ఆయప్ప మొగం ముందర పెడ్తాది. చదివేది ఆయప్పకూ రాదు, ఆమెకూ రాదు. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకోనుంటాది చానాసార్లు. ఆయప్ప కొంచెంసేపు దాన్ని బాగా చూసి, తలూపి, పక్కకు జరిగి, తాడు అందిస్తాడు.